ఒప్పందమా? ఒప్పగింతలా?

కోరుట్లలో కౌన్సెలింగ్ చేసే నా స్నేహితురాలొకామె రెండు పేజీల ఇంగ్లీషు కాగితం నా చేతిలో పెట్టి, "సాహిత్యంల డాక్టరేట్ చేసినవు గదా, దీన్ని మనోళ్లకు అర్థమయ్యే తెలుగుల రాసియ్యి" అంది. మానసిక చికిత్స మొదలుపెట్టే ముందు థెరపిస్టూ క్లయింటూ సంతకం చేసుకునే ఒప్పంద పత్రం అది. వారానికొకసారి, యాభై నిమిషాలు. ఫీజు ఇంత. రాలేకపోతే ముందురోజే చెప్పాలి. చెప్పుకున్న మాటలు రహస్యంగా ఉంటాయి, ఫలానా సందర్భాల్లో తప్ప. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు. కింద సంతకాలకు రెండు గీతలు. ఒక సాయంత్రం పని అనుకున్నాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు ఊళ్లూ తిరిగి ఆడవాళ్లకు చదివి వినిపించాను. చిత్తుప్రతి ఏడుసార్లు మార్చాను. అయినా ఆ కాగితం పూర్తయిందని ఈ రోజుకూ అనుకోలేకపోతున్నాను. ఒక కథనో నవలనో చదివినట్టు ఆ పత్రాన్నే ఇక్కడ చదవబోతున్నాను. సాహిత్యం చదువుకున్నదానికి వేరే పనిముట్టు లేదు.

మొదటి మాట 'నేను' దగ్గరే చిక్కుపడ్డాను. "నేను పై విషయాలన్నీ చదివి, అర్థం చేసుకుని, ఇష్టపూర్వకంగా అంగీకరిస్తున్నాను." ఈ వాక్యం మన ఆడవాళ్లకు కొత్తదేమీ కాదు. దీని కింద వాళ్లు ఇదివరకే చాలాసార్లు సంతకం పెట్టారు, వేలిముద్ర వేశారు. బ్యాంకులో, పొదుపు సంఘంలో, పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకునే రోజు ఆస్పత్రి వరండాలో. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్లను అడ్డుకోవడానికి అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా, ఒకరి అప్పుకు గుంపంతా పూచీపడ్డ కాగితాల మీద కూడా ఇదే వాక్యం. అందుకే జగిత్యాలలో బీడీలు చేసే ఆడవాళ్ల మధ్య కూర్చుని నా తెలుగు ప్రతి చదవగానే వచ్చిన మొదటి ప్రశ్న, "ఇది దేని లోను మేడం?"

నవ్వొచ్చింది కానీ, తర్వాత ఆలోచిస్తే అది ఎంత సరైన విమర్శో అర్థమైంది. ఏ పాఠాన్నయినా పాఠకురాలు తనకు తెలిసిన ప్రక్రియలో పెట్టుకునే చదువుతుంది. వీళ్లకు ఒప్పందం అనే ప్రక్రియ బాగా తెలుసు, మనకంటే బాగా తెలుసు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల చుట్టుపక్కల పల్లెల్లో గల్ఫుకు పోయిన మనిషి లేని వాడకట్టు అరుదు. ఇక్కడ ఏజెంటు చూపించే కాగితంలో ఒక జీతం, అక్కడ దిగాక సంతకం పెట్టించుకునే అరబ్బీ కాగితంలో ఇంకో జీతం. ఆ భార్య నన్ను అడగాల్సిందే అడిగింది: "ఈడ ఒకటి రాసి ఆడ ఇంకోటి చెయ్యరు గదా?" సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర పనికి కుదిరేటప్పుడు సేటు ఇచ్చే అడ్వాన్సును 'బాకీ' అంటారు. అది తీరేదాకా ఇంకో సేటు దగ్గరికి పోవడానికి లేదు. దానికి కాగితమేమీ ఉండదు, కానీ ఏ కాగితమూ అంతగా కట్టిపడేయదు. మగ్గం నడిపే మనిషి భార్య, తను కండెలు చుడుతుంది, నా ప్రతిలోని 'ఎప్పుడైనా మానుకోవచ్చు' అన్న వాక్యం దగ్గర ఆగి, "మధ్యల మానేస్తె ఎంత కట్టాలె?" అంది. ఏమీ కట్టనక్కర్లేదంటే నమ్మలేదు. ఉట్టిగా విడిచిపెట్టే ఒప్పందం ఆమె జీవితంలో ఇంతవరకు లేదు.

కౌన్సెలింగ్ అన్న మాటకే ఇక్కడ ఇంకో అర్థం స్థిరపడిపోయింది. మొగుడు కొట్టాడని స్టేషనుకు పోతే పెద్దమనుషులనో పోలీసులనో ముందు కూర్చోబెట్టి చేసేది కౌన్సెలింగ్. దాని చివర ఒక తెల్లకాగితం రాస్తారు. ఇకమీదట కొట్టనని అతను, ఇకమీదట చెప్పినట్టు వింటానని ఆమె. రెండు వాక్యాలూ ఒకే బరువున్నట్టు పక్కపక్కనే. నిజానికి గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నియమాల్లో 14వది చదివితే, మన చట్టపు వాక్యాల్లో ఇంత బాగా రాసినది ఉందా అనిపిస్తుంది. కౌన్సెలింగులో హింస చేసిన మనిషి తన చేతను సమర్థించుకుంటూ వాదించడానికి వీల్లేదు, ఇక చేయనని హామీ ఇవ్వాల్సింది అతనే. అంటే అక్కడ ఒప్పందం సమానుల మధ్య కాదని ఆ నియమానికి తెలుసు. స్టేషనులో రాసే తెల్లకాగితానికి ఆ సంగతి తెలియదు.

ఇక 'ఒప్పందం' అన్న మాట. నిఘంటువు తీస్తే దాని చుట్టూ ఒక కుటుంబమే ఉంది. ఒప్పు, ఒప్పుకోలు, ఒప్పందం, ఒప్పగింత. 'ఒప్పుకున్నాను' అంటే సరేనన్నాను అనీ అవుతుంది, తప్పు చేశానని ఒప్పేసుకున్నాను అనీ అవుతుంది. పిల్లను చూసి 'ఒప్పుకున్నరు' అంటే కుదిరిందని. లగ్గమయ్యాక పిల్ల చెయ్యిని అత్తగారి చేతిలో పెట్టి ఏడుస్తూ చేసేవి, మా దిక్కు మాటలో, ఒప్పగింతలు. 'ఒప్పంద పత్రం' అని శీర్షిక పెట్టగానే, ఈ అర్థాలన్నీ నా వెంటపడ్డాయి. కౌన్సెలర్ గది బయట ప్లాస్టిక్ కుర్చీల్లో ఆ ఆడవాళ్లతో పాటు కూర్చున్న వాళ్లను చూశాక ఇక వదల్లేదు. ఒంటరిగా వచ్చినవాళ్లు తక్కువ. అత్త తీసుకొస్తుంది, అన్న తీసుకొస్తాడు, దుబాయి నుంచి మొగుడు ఫోనులో ఉంటాడు. "మా పిల్ల సరిగ తింటలేదు, పని జేస్తలేదు, జర మంచిగ జేసి పంపుండ్రి." ఇది ఒప్పందం కాదు, రెండో ఒప్పగింత.

థెరపీ చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ చర్చకు వచ్చిన స్త్రీ కథ మొదలయింది కూడా ఇలాగే. 1900 అక్టోబరులో వియన్నాలో ఒక తండ్రి పద్దెనిమిదేళ్లు నిండబోతున్న తన కూతురిని ఫ్రాయిడ్ దగ్గరకు తెచ్చాడు. ఆమె అసలు పేరు ఇడా బావర్, ఫ్రాయిడ్ పెట్టిన పేరు డోరా. తండ్రి స్నేహితుడు తనను లోబరచుకోబోయాడని ఆమె చెబితే ఇంట్లో నమ్మలేదు. ఆ స్నేహితుడి భార్యతో తండ్రికి సంబంధం ఉంది. ఆ సంబంధాన్ని సహించినందుకు ధరగా తనను ఆ మగాడికి అప్పజెప్పేశారని ఆమె అనుకునేదని ఫ్రాయిడే రాశాడు. అప్పజెప్పడం! ఆ మాట దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఎందుకంటే ఆమెకు మతి చెప్పమని తండ్రి ఫ్రాయిడ్‌కు కూడా అప్పజెప్పాడు. ఒప్పందం జరిగింది ఇద్దరు మగవాళ్ల మధ్య. ఆమె పేరు అందులో సరుకు పేరులాగానే ఉంది.

అయితే డోరా ఒక పని చేసింది. పదకొండు వారాల తర్వాత, 1900 డిసెంబరు 31న, ఇదే చివరిసారి అని చెప్పి వెళ్లిపోయింది. ఎప్పుడు నిర్ణయించుకున్నావని ఫ్రాయిడ్ అడిగితే, రెండు వారాల కిందట అంది. అది పనిమనిషి ఇచ్చే నోటీసులాగా ఉందని ఆయన వ్యాఖ్యానించాడు. డెబ్బయ్యోదశకం నుంచి ఫెమినిస్టు విమర్శకులు ఆ కథను తిరగేసి చదివారు, ఎలెన్ సిక్సూ 1976లో డోరా మీద నాటకమే రాసింది. ఆమె వెళ్లిపోవడం ఓటమా, తిరుగుబాటా అన్నదాని మీద బోలెడు చర్చ ఉంది. నాకు తోచింది చిన్న విషయం. తను చేయని ఒప్పందాన్ని ఆమె రద్దు చేసింది. రద్దు చేయడం ద్వారా మొదటిసారి అందులో ఒక పక్షం అయింది. అందుకే 'ఎప్పుడైనా మానుకోవచ్చు' అన్న వాక్యాన్ని పత్రం చివర నుంచి తీసి మొట్టమొదట పెట్టాను. మానేస్తే ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు, ఎందుకు మానావో తీసుకొచ్చినవాళ్లకు నేను చెప్పను, అని పక్కనే రాశాను.

మన దగ్గర అంత దూరం పోనక్కర్లేకుండా ఇదంతా సినిమాలోనే ఉంది. 2005లో తమిళం నుంచి వచ్చిన 'చంద్రముఖి' తెలుగు ప్రతి చూడని ఇల్లు ఈ మూడు ఊళ్లలోనూ ఉండదు. దాని మూలం 1993 నాటి మలయాళ చిత్రం 'మణిచిత్రతాళ్'. అందులో రోగి గంగ. డాక్టరు ఆమె భర్తకు స్నేహితుడు. రోగం ఏమిటో డాక్టరు కనిపెట్టి భర్తకు చెబుతాడు, చికిత్స పథకం ఇద్దరూ కలిసి వేస్తారు. గంగను ఎవరూ ఏమీ అడగరు. చివరికి ఆమె నయమై పాత గంగలా మిగులుతుంది, ప్రేక్షకులం ఊపిరి పీల్చుకుంటాం. మనోవైద్యుడంటే మంచివాడు, తెలివైనవాడు అని మన జనంలో నమ్మకం కలిగించిన సినిమాగా దానికి కృతజ్ఞత చెప్పాల్సిందే. 'ఎర్రగడ్డకు పంపాలె' అన్న తిట్టు తప్ప మనోవైద్యం గురించి ఇంకో మాట లేని చోట అది తక్కువేమీ కాదు. కానీ ఆమె సమ్మతి అక్కర్లేదన్నది కూడా అదే సినిమా నేర్పింది.

ట్రాన్సాక్షనల్ అనాలిసిస్ అనే థెరపీ పద్ధతివాళ్లు ఒప్పందం గురించి అందరికంటే ఎక్కువ ఆలోచించారు. క్లాడ్ స్టైనర్ కాంట్రాక్టు చట్టం నుంచే నాలుగు షరతులు అరువు తెచ్చాడు. ఇద్దరి సమ్మతి, ఇచ్చిపుచ్చుకోవడం, ఒప్పుకునే శక్తి, చట్టబద్ధమైన లక్ష్యం. చక్కగానే ఉన్నాయి. ఇచ్చిపుచ్చుకోవడం దగ్గర మాత్రం మన ఊళ్లలో చిక్కు. క్లయింటు డాక్టరు దగ్గర ఒక గంటను అద్దెకు తీసుకుంటుందని, రాకపోయినా అద్దె కట్టాలని ఫ్రాయిడ్ 1913లోనే రాశాడు. ఇక్కడ యాభై నిమిషాల ఫీజు వెయ్యి బీడీల కూలి కంటే ఎక్కువ. వెయ్యి బీడీలంటే పొద్దంతా వంచిన నడుం. ఆ డబ్బు ఆమె చేతిలో ఉండదు కనుక తీసుకొచ్చినవాళ్లే కడతారు, కట్టినవాళ్లు లెక్క అడుగుతారు.

నాకు నిజంగా ఉపయోగపడింది ఫనీటా ఇంగ్లిష్ 1975లో రాసిన చిన్న వ్యాసం. మూడు మూలల ఒప్పందం అంటుందామె. శిక్షణ ఇచ్చే మనిషి, నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు, వాళ్లను పిలిపించిన సంస్థ. ఈ మూడో మూల కనిపించకపోతే, ఆ ఇద్దరూ వెనకాల ఏదో మాట్లాడుకున్నారన్న అనుమానం గదినిండా ఉంటుంది. అందుకే ఎవరికి ఎవరు ఏం మాట ఇచ్చారో ముగ్గురికీ తెలియాలి. నా స్నేహితురాలి కాగితంలో రెండే గీతలున్నాయి. మూడో మనిషి బయట కుర్చీలో ఉంది. ఆమెకు గీత లేదు కాబట్టి ఆమె ఏ షరతుకూ కట్టుబడి లేదు. మూడో చిత్తులో అత్త కోసం ఒక వాక్యం చేర్చాను: "లోపల ఏం మాట్లాడుకున్నారని నేను అడగను. ఇంటికి పోయినంక కూడా అడగను." కోరుట్లలో ఒక పెద్దావిడ దాన్ని రెండుసార్లు చదివించుకుని, "గిట్లయితె నేనెందుకు తోలుకరావాలె?" అంది. ఆమె కోపం నాకు అర్థమైంది. కోడలి గురించి భయపడి, బీడీల పైసలు దాచి, బస్సెక్కించుకుని తెచ్చింది ఆమే. ఆమె మీద ఇలా వ్యాసం రాయడం తేలిక. ఆమెకొక ఒప్పందం రాయడమే కష్టం.

భాష సంగతి ఇంకొంచెం చెప్పాలి. తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. ఇంగ్లీషుకు ఆ తేడా లేదు. ఆ కాగితంలో ఉన్న ఒకే సర్వనామాన్ని నేను ఎక్కడ 'మేము' చేయాలి, ఎక్కడ 'మనం' చేయాలి? 'మేము రహస్యంగా ఉంచుతాము' అంటే వెనకాల ఒక సంస్థ నిలబడుతుంది. 'మనం మాట్లాడుకుంటాం' అంటే అక్కాచెల్లెళ్ల ముచ్చట అవుతుంది. అసలు కాగితమంతా 'మీరు' అని పలికి, తలుపు వేసుకోగానే కౌన్సెలర్ 'నువ్వు' అంటుంది, క్లయింటు 'అక్కా' అంటుంది. నా స్నేహితురాలు దాన్ని సమర్థించుకుంది, 'మీరు' అంటే ఇక్కడ ఎవరూ మనసు విప్పరని. నిజమే కావచ్చు. కానీ అక్క అయ్యాక కాదనడం చెల్లెలికి కష్టం. పైగా ఈ చిన్న ఊళ్లలో అక్క నిజంగానే ఏదో వరుసలో అక్క కావచ్చు, అదే పెళ్లిలో భోజనానికి పక్క కుర్చీలో కూర్చోవచ్చు. బయట కనిపిస్తే ఎవరు ఎవరిని ముందు పలకరించాలి అన్న షరతు ఇంగ్లీషు కాగితంలో లేదు. సిరిసిల్ల ఆడవాళ్లు అడిగి రాయించారు.

అసలు గొడవంతా రహస్యం దగ్గర. 'గోప్యత' అని రాస్తే ఎవరికీ అందలేదు. "కడుపుల వెట్టుకునుడు" అని ఒకామె సవరించింది. ఇంకొకామె, "నోట్ల నువ్వుగింజ నానాలె గదా" అని నా స్నేహితురాలి వంక చూసింది. మినహాయింపుల పేరా మాత్రం పాత ప్రభుత్వ తెలుగులో ఎవరో ముందే రాసిపెట్టారు: "అవసరమైనచో కుటుంబ సభ్యులకు తెలియజేయబడును." ఈ ఒక్క వాక్యం మీద నేను వారం గడిపాను. అవసరమని ఎవరనుకుంటారు? తెలియజేసేది ఎవరు? కుటుంబ సభ్యులంటే ఎవరు, పుట్టింటివాళ్లా, అత్తింటివాళ్లా? తెలుగు మామూలుగా మాట్లాడేటప్పుడు 'బడు' వాడదు. 'బడు' వచ్చిందంటే ఎవరో చేసినవాళ్లు వాక్యంలోంచి తప్పుకున్నారనే.

చట్టమూ ఇక్కడ నున్నగా జారిపోతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రహస్యాన్ని హక్కుగా గుర్తించింది. కానీ నామినేటెడ్ ప్రతినిధికి తన పని చేయడానికి కావలసినంత చెప్పవచ్చంది. ఆ ప్రతినిధిని 14వ సెక్షన్ ప్రకారం మనమే రాతపూర్వకంగా ఎంచుకోవచ్చు. ఎవరినైనా సరే, స్నేహితురాలినైనా. ఇది గొప్ప విషయం. కానీ ఎంచుకోకపోతే ఆ స్థానం బంధువుకు పోతుంది. బంధువంటే రక్తసంబంధం, దత్తత, లేదా పెళ్లి. ఎంచుకోవచ్చని ఎవరూ చెప్పని చోట ఆ బంధువు ఎవరవుతారో వేరే చెప్పాలా? ఇది ముఖ్యంగా ఆస్పత్రుల్లో చికిత్సకు వర్తించే చట్టమే. కౌన్సెలర్ గదిలోనూ అలవాటు అదే.

పదిహేడేళ్ల పిల్ల విషయం ఇంకా ఘోరం. తనకంటే రెండేళ్లు పెద్దవాడైన అబ్బాయితో తన ఇష్టంతోనే కలిశానని ఆ పిల్ల చెబుతుందనుకోండి. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష. కౌన్సెలర్‌కు మినహాయింపు లేదు. పిల్లల మీద అత్యాచారాలను కప్పిపుచ్చే కుటుంబాలను చూసినవాళ్లెవరూ ఆ నిబంధనను తేలిగ్గా కాదనలేరు, నేనూ అనలేను. కానీ 'ఇక్కడ చెప్పింది బయటికి పోదు' అని ఆ పిల్లకు మాట ఇచ్చాక చెబితే అది మోసం. ముందే చెబితే ఆ పిల్ల నోరు విప్పదు. నేను ముందే చెప్పేటట్టు రాశాను. అది సరైనదో కాదో నాకింకా తెలియదు.

సిరిసిల్లలో ఇదే భయం ఇంకో రూపంలో ఉంది. నేతకార్మికుల ఆత్మహత్యలతో పత్రికలు ఆ ఊరిని 'ఉరిసిల్ల' అని రాసిన రోజులు అక్కడివాళ్లు మరచిపోలేదు. చచ్చిపోవాలనిపిస్తోందని చెబితే పోలీసు కేసవుతుందని ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. ఐపీసీ 309 కింద ఆత్మహత్యాయత్నం నేరంగా ఉండేది. 2017 చట్టం 115వ సెక్షన్ అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, శిక్షించకూడదని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షనే లేదు. ఈ మూడు వాక్యాలూ పత్రంలో ఉండాలని పట్టుబట్టి పెట్టించాను. అక్కడ చదివించుకున్నవాళ్లలో ఒకామె, "గీ ముచ్చట ఎవలన్న మాకు ముందుగాల చెప్పొద్దా" అంది.

నా వృత్తి గురించి కూడా ఒక మాట చెప్పకపోతే ఈ విమర్శ ఒకవైపే అవుతుంది. అమెరికన్ కవయిత్రి ఆన్ సెక్స్‌టన్ 1974లో ఆత్మహత్య చేసుకుంది. ఆమె థెరపీ సంభాషణలను డాక్టర్ మార్టిన్ ఓర్న్ టేపు చేశాడు, విన్నది గుర్తుండటం లేదని ఆమె తిరిగి వినుకోవడానికి. ఆమె పోయాక ఆ టేపులను జీవితచరిత్రకారిణి డయేన్ మిడిల్‌బ్రూక్‌కు ఇచ్చాడు. కూతురు ఒప్పుకుంది. 1991లో పుస్తకం వచ్చి పెద్ద దుమారమే లేచింది. ఇంకో థెరపిస్టు ఆమెతో శారీరక సంబంధం పెట్టుకున్న విషయం కూడా ఆ పుస్తకంలోనే బయటపడింది. టేపులు రాకపోతే అదీ తెలిసేది కాదు కదా అని కొందరన్నారు. చదివేటప్పుడు నేను పేజీలు ఆపలేకపోయాను, నోట్సు రాసుకున్నాను. డోరా కథ ప్రచురించడానికి ఆమె అనుమతి అడిగి ప్రయోజనం లేదని ఫ్రాయిడ్ రాసుకున్నాడు, 1905లో అచ్చేశాడు. ఆ పుస్తకమూ నా అల్మారాలో ఉంది. మాట తప్పినవాళ్ల పుణ్యమా అని మా పరిశోధనలు నడిచాయి. అందుకే ఈ మూడు ఊళ్లలో నేను ఎవరి కథా అడగలేదు. కాగితం గురించే అడిగాను. అడగకుండానే చెప్పినవాటిని ఇక్కడ రాయలేదు.

ఏడో చిత్తులో ఆ 'తెలియజేయబడును' వాక్యం ఇలా మారింది: "మీ ప్రాణానికి అపాయం ఉందని నాకు అనిపిస్తే, ముందు మీకు చెప్పి, తర్వాత ఒక్క మనిషికి చెప్తాను. ఆ మనిషి ఎవరో ఇప్పుడు మీరే రాయండి." దాని కింద ఒక ఖాళీ గీత. కోరుట్లలో పెన్ను చేతికిస్తే ఒకామె చాలాసేపు ఆ గీత మీదే చూస్తూ కూర్చుంది. మొగుడి పేరు రాయలేదు, అత్త పేరు రాయలేదు, తల్లి పేరు కూడా. "మా అరుగు మీద నాతోని బీడీలు జేస్తది, ఆమె పేరు రాయచ్చునా?" అని అడిగింది. రాయచ్చన్నాం. "ఆమెను అడిగి రేపొచ్చి రాస్త" అని కాగితం మడిచి బీడీల చాట అడుగున పెట్టుకుని పోయింది. ఈ సంగతి రాసుకోమని తర్వాత ఆమే అంది, పేరు మాత్రం వద్దంది.